ఆ బిళ్ళ సంగతి ఇంట్లో ఒకరికైనా తెలియాలి

తప్పుడు వైద్య ప్రకటనలపై జనం ఫిర్యాదు చేసుకునే ఏర్పాటును రెండు నెలల్లో చేయాలని సుప్రీంకోర్టు 2025 మార్చి 26న రాష్ట్రాలను ఆదేశించింది. దీనికి మూలం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని, నపుంసకత్వాన్ని పోగొడతామని చెప్పే మందుల ప్రకటనలను ఆ చట్టం నిషేధించింది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అయినా డెబ్బై ఏళ్ళ తరువాత కూడా మనం ఉంటున్న ఊళ్ళలో బస్టాండు గోడల మీద, రైల్వే స్టేషను దారిలో ఆ ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి. ఊరు మారితే లిపి మారుతుంది, మాట మాత్రం మారదు. ఇప్పుడవి ఫోన్లలోకీ వచ్చాయి.

అమ్మేవాడిని చట్టం పట్టుకోవచ్చు. కొనేవాడు డాక్టరు దగ్గరికి పోకుండా అక్కడికే ఎందుకు పోతున్నాడన్న ప్రశ్నకు జవాబు మాత్రం మన ఇళ్ళలోనే వెతకాలి. అంగస్తంభన సమస్యకు నమ్మదగిన మందు ఉంది. సరిగా వాడితే చాలామందికి పనిచేస్తుంది. ఆ మందును ప్రమాదంగా మారుస్తున్నది చాలావరకు మనం పాటించే గుట్టే.

భాషలు వచ్చినా నోరు రాని మాట

మనలో చాలామందికి రెండు మూడు భాషలు వచ్చు. కోలారులో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా, సోలాపూరులో మరాఠీ మాట్లాడుతూ బజారులో బేరమాడతాం, ఆఫీసుల్లో పనులు చక్కబెట్టుకుంటాం. పడకటింటి కష్టం దగ్గరికి వచ్చేసరికి ఏ భాషలోనూ నోరు పెగలదు. ఇంటి తెలుగులో ఆ సంగతి చెప్పుకోవడానికి పెద్దలు మనకు మర్యాదైన మాట నేర్పలేదు. ఊరి భాషలో తెలిసిన మాటలు వీధి మాటలు, డాక్టరు ముందు పలకలేనివి.

దీనికి తోడు, వయసు పైబడినవారి వెంట ఆసుపత్రికి కొడుకో కూతురో వెళ్తారు. చీటీ చదివేదీ, డాక్టరు మాటను విడమరిచి చెప్పేదీ వాళ్ళే. కొడుకు పక్కన కూర్చుని ఉండగా అరవై ఏళ్ళ మనిషి ఈ మాట ఎలా చెబుతాడు? షుగరు సంగతీ బీపీ సంగతీ చెప్పుకుని లేచి వస్తాడు. ఆ తరువాత తనను ఎరిగినవారు లేని వీధిలో మెడికల్ షాపు చూసుకుని, చీటీ లేకుండా, గొంతు తగ్గించి అడుగుతాడు.

యానాంవారు చాలామంది వైద్యానికి కాకినాడ వెళ్తారు. అక్కడ డాక్టరుదీ తెలుగే, రోగిదీ తెలుగే. అయినా ఈ మాట అక్కడా బయటికి రాదు. కాబట్టి అసలు అడ్డు సిగ్గు. పరాయి భాష ఆ ముడిని ఇంకాస్త బిగిస్తుంది, అంతే.

మందు చేసే పని

సిల్డెనాఫిల్‌ను మొదట గుండెనొప్పికి మందుగా పరీక్షించారు. ఆ పరీక్షల్లో బయటపడిన మరో గుణమే దాన్ని ప్రపంచమంతటికీ తెలిసేలా చేసింది. 1998 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ దానికి అంగస్తంభన సమస్యకు మందుగా అనుమతి ఇచ్చింది. వయాగ్రా అన్నది దాని మొదటి వ్యాపార నామం. మన దేశంలో 2005 వరకు మందు పదార్థం మీద పేటెంటు లేదు. అందుకే ఇక్కడి కంపెనీలు దాన్ని వేరే వేరే పేర్లతో చవకగా తయారు చేయగలిగాయి. తరువాత వచ్చిన టడలాఫిల్ కూడా అదే కోవలోనిది.

ఈ మందులు రక్తనాళాలను వదులు చేసి అంగానికి రక్తం చేరేలా చేస్తాయి. కోరికను పుట్టించవు. కోరిక లేనప్పుడు పనిచేయవు. సిల్డెనాఫిల్‌ను కలయికకు సుమారు గంట ముందు వేసుకోమంటారు. నూనె, నెయ్యి దండిగా ఉన్న భోజనం చేశాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. పనిచేయలేదని ఇంకొకటి మింగేవారు ఇక్కడే పొరపడతారు. రోజుకు ఒక్కసారికి మించి వాడకూడదు. సాధారణంగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. వయసు 65 దాటినవారికి, కాలేయం గానీ మూత్రపిండాలు గానీ బాగా దెబ్బతిన్నవారికి 25తోనే మొదలుపెట్టడం పద్ధతి. టడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉండవచ్చు. ఏది, ఎంత అన్నది మనిషిని బట్టి డాక్టరు తేల్చాలి. స్నేహితుడికి సరిపడిన మోతాదు మనకూ సరిపడుతుందని లేదు.

తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, అజీర్ణం మామూలుగా కనిపించేవే. అంగస్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోయినా, చూపు గానీ వినికిడి గానీ ఉన్నట్టుండి తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గుండె మందుతో కలిస్తే

గుండెజబ్బు ఉన్నవారి ఇళ్ళలో నాలుక కింద పెట్టుకునే బిళ్ళ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని సార్బిట్రేట్ అనే పేరుతో ఎరుగుదురు. అది నైట్రేట్ జాతి మందు. రోజూ మింగే గుండె మందుల్లోనూ నైట్రేట్ ఉండవచ్చు. ఇవీ రక్తనాళాలను వదులు చేసేవే. సిల్డెనాఫిల్, నైట్రేట్ రెండూ ఒంట్లో కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే నైట్రేట్ వాడేవారు ఈ మందుల జోలికి పోనేకూడదు.

దీనిలోనే ఇంకో ప్రమాదం దాగి ఉంది. గుండెజబ్బు ఉందని తెలియని మనిషి గుట్టుగా బిళ్ళ వేసుకున్నాడనుకుందాం. రాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. ఇంట్లోవాళ్ళు క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. ఛాతీనొప్పికి అక్కడ మామూలుగా ఇచ్చే మందుల్లో నైట్రేట్ ఒకటి. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో నైట్రేట్ ఇవ్వకూడదు. డాక్టరుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? మనిషి మాట్లాడే స్థితిలో లేకపోతే, భార్యకు తెలియకపోతే, చెప్పేవారే ఉండరు.

ప్రోస్టేట్ సమస్యకు వాడే టామ్సులోసిన్ వంటి మందులతోనూ రక్తపోటు పడిపోవచ్చు. ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, యాంటీబయాటిక్ ఎరిత్రోమైసిన్ ఒంట్లో సిల్డెనాఫిల్ పాళ్ళను పెంచుతాయి. మద్యం మీద ఈ మందు వేసుకోవడమూ మంచిది కాదు. ఇవేవీ వాడని, గుండె నిలకడగా ఉన్న మనిషికి డాక్టరు చూసి ఇస్తే ఇది భయపడాల్సిన మందు కాదు.

మూలికల పేరుతో

డాక్టరుకు చెప్పుకోలేనివారు మూలికే కదా, హాని ఉండదని డేరా వైద్యుల దగ్గరికి వెళ్తారు. మూలికలని అమ్మే పొడుల్లో, గుళికల్లో లేబుల్ మీద చెప్పకుండా సిల్డెనాఫిల్‌నే కలిపినట్టు అమెరికా ఔషధ సంస్థ పదేపదే కనిపెట్టింది. సింగపూర్‌లో 2008లో ఇంకా ఘోరం జరిగింది. అక్రమంగా అమ్మిన ఇలాంటి మందుల్లో షుగరు తగ్గించే గ్లిబెన్‌క్లమైడ్ కలిసింది. షుగరు జబ్బే లేని 150 మంది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. వారిలో నలుగురు చనిపోయారు. చీటీ మీద ఇచ్చే బిళ్ళలో ఏముందో, ఎంత ఉందో స్ట్రిప్ మీద రాసి ఉంటుంది. డేరాలో ఇచ్చే పొట్లం మీద ఏమీ ఉండదు.

చీటీ ఎందుకు

అందరికీ తెలిసిన మందుకు చీటీ ఎందుకని అడిగేవారున్నారు. బ్రిటన్‌లో 2018 నుంచి 50 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్‌ను చీటీ లేకుండానే అమ్ముతున్నారు, నిజమే. కానీ అక్కడ అమ్మే ముందు ఫార్మసిస్టు గుండె సంగతి, వాడుతున్న మందుల సంగతి అడిగి తెలుసుకోవాలి. మన షాపుల్లో ఎవరు ఆ ప్రశ్నలు అడుగుతున్నారు? ఇక్కడ ఆ అడిగేవాడు డాక్టరే.

ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. అంగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నవి. గుండె నాళాల్లో పూడిక లక్షణాలు కనిపించకముందే అక్కడ తేడా తెలియవచ్చు. షుగరు జబ్బూ ఇలాగే బయటపడవచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని అంచనా వేసింది. యానాం భాగంగా ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో అది 26.3 శాతం, దేశంలోనే హెచ్చు లెక్కల్లో ఒకటి. చీటీ లేకుండా బిళ్ళ కొన్నవాడికి ఆ రాత్రి గడుస్తుంది గానీ లోపలి జబ్బు అలాగే పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తపరీక్ష, బీపీ, అవసరమైతే ఈసీజీ అయినా జరుగుతాయి.

ఇంట్లో చేసుకోవాల్సింది

మొదటిది, పెద్దవారిని ఆసుపత్రికి తీసుకెళ్ళే పిల్లలు ఒక ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి. "నాన్నగారూ, మీరు డాక్టరుతో విడిగా మాట్లాడండి" అంటే చాలు, కారణం అడగనక్కరలేదు.

రెండోది, వాడుతున్న మందులన్నీ, మూలికలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళాలి. భాష అడ్డమైతే, నోరు రాకపోతే, సిల్డెనాఫిల్ అని ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి డాక్టరు చేతికి ఇవ్వాలి. ఆ పేరు ఏ రాష్ట్రంలోని డాక్టరుకైనా ఒకటే.

మూడోది, గోడ మీద ప్రకటన కనిపిస్తే ఫోటో తీసి ఆ రాష్ట్రపు డ్రగ్స్ కంట్రోల్ శాఖకు పంపాలి. ఊరి భాష రాయడం మన పిల్లలకు బాగా వచ్చు.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. బిళ్ళ వాడే మనిషి భార్యకు ఆ సంగతి చెప్పాలి, స్ట్రిప్ ఎక్కడ ఉంటుందో చూపాలి. అత్యవసరమైతే ఆమె కన్నడంలోనో, ఒడియాలోనో ఏదీ వివరించనక్కరలేదు. ఆ స్ట్రిప్‌ను డాక్టరుకు చూపి, ఎప్పుడు వేసుకున్నారో చెబితే చాలు.