హిమావతరణం

చీనావారి పంచాంగంలో శరదృతువునకు కడపటి ఘట్టం షువాంగ్‌జియాంగ్. హిమావతరణమని దానికి అర్థం. అక్టోబరు 23, 24 తేదీలలో ఏదో ఒకనాడు ప్రవేశించి సుమారు పదిహేను రోజులు నడుస్తుంది. సూర్యగమనాన్ని పదిహేనేసి డిగ్రీలుగా 24 భాగాలు చేసి వాటికి పేర్లు పెట్టినారు ఆ దేశపు పూర్వులు. చాంద్రమాసాలు ఋతువులకు ముందువెనుకలవుతూ ఉంటాయి కనుక విత్తే రైతుకు సూర్యుడే దిక్కు. తెలుగు రైతుకు కార్తెలు కావలసివచ్చినది కూడ అందుకే. ఈ కాలంలో హిమావతరణం, స్వాతికార్తె దాదాపు ఒకేనాడు ప్రవేశించడం విశేషం.

2016లో యునెస్కో ఈ కాలవిజ్ఞానాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఉచితమే. కాని నేడు ప్రచారంలో ముందుకు వస్తున్నది ఆ విజ్ఞానం కాదు, దాని పేర అల్లిన పథ్యాల పట్టిక. ఈ రోజులలో పియర్‌పండు ఊపిరితిత్తులకు మేలట. పెర్సిమన్ తింటే చలికాలంలో పడిశం పట్టదట! పెర్సిమన్ తెలుగునాటి తునికికి దగ్గరి చుట్టం. పండి ఎర్రబారే కాలం అదే కనుక తింటారు. అంతకంటె గొప్ప కారణం అక్కరలేదు. పరగడుపున తినవద్దని అక్కడి పెద్దలే అంటారు. అందులోని వగరు కడుపులో గడ్డకట్టవచ్చునని వైద్యులూ ఒప్పుకొంటారు. ఆ మాట నిలుస్తుంది. పడిశం మాట నిలవదు.

అసలు ఆ పంచాంగం హొయాంగ్‌హో నది తీరాలను చూచి పుట్టినది. ఉత్తరాన హైలోంగ్‌జియాంగ్‌లో సెప్టెంబరులోనే మంచు పేరుతుంది. దక్షిణాన గువాంగ్‌డాంగ్‌లో అక్టోబరు చివరకు కూడ దాని జాడ ఉండదు. అందరికీ ఒకే తేదీన ఒకే ఆహారం విధించడం ఎట్లా పొసగుతుంది?

పూర్వులు చేసిన పని చూడడం. అయిదేసి రోజులకు ఒక గురుతు చొప్పున ఈ ఘట్టానికి మూడు చెప్పినారు: రేచుకుక్కలు వేటాడిన జంతువులను నైవేద్యంవలె పరచిపెడతాయి, ఆకులు పండి రాలుతాయి, పురుగులు తలవంచుకొని మట్టిలో దాగుతాయి. మొదటిది కవికల్పనవలె తోచవచ్చును. అయినా అడవి అంచున నిలిచి చూచినవానికే అటువంటి ఊహ పుడుతుంది. స్వాతికార్తె పదమూడు రోజులలో ఊరిచెరువు గట్టున ఏ గురుతులు కనిపించినవో తెలుగు పిల్లలచేత వ్రాయించవచ్చును. పథ్యాల పట్టిక వల్లింపజేయడంకంటె అది మేలైన పాఠం.

ఈ రోజులకు అటూ ఇటూగా, చాంద్రమానపు తొమ్మిదవ నెల తొమ్మిదవనాడు చోంగ్‌యాంగ్ పండుగ వస్తుంది. ఇంటిల్లిపాదీ కొండ ఎక్కుతారు, చేమంతులు చూస్తారు. కొండ ఎక్కిన కుటుంబం బ్రతికి, ఇంట విడిచిన కోళ్ళూ పశువులూ చనిపోయినవని పూర్వగాథ. చీనాభాషలో ‘తొమ్మిది తొమ్మిది’ అన్న మాట ‘చిరకాలం’ అన్న మాటవలె ధ్వనిస్తుంది. 1989లో ఆ దినాన్నే వృద్ధుల దినంగా ప్రకటించినారు. శరత్కాలపు ఆరోగ్యాన్ని వెదకదలచినవారు ఆ కొండదారిని చూడవలె. అక్కడ మనుమడు తాతకు చేయి అందించి, అలసినచోట నిలబడి, మళ్ళీ మెట్టు ఎక్కిస్తూ ఉంటాడు.