వేదిక ఎవరిది?

విశ్వవిద్యాలయంలో ఉత్సవం తలపెట్టగానే ముందుగా పుట్టే ప్రశ్న "ఎవరిని పిలుద్దాం?" అన్నది. ఆ తర్వాత పందిరి, పూలదండలు, జ్ఞాపికలు, బందోబస్తు. విద్యార్థులు గుర్తుకు వచ్చేది చిట్టచివర. కుర్చీలు నిండాలి గదా! ఇది ఏర్పాట్లలోని పొరపాటు కాదు. విద్యార్థిని అలంకారంగా చూసే దృష్టి.

ఉస్మానియా అనుభవం మన కళ్లముందే వున్నది. 2017 ఏప్రిల్ 26న శతాబ్ది ఉత్సవాలను రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. ఉత్సవాల పేర రాష్ట్ర బడ్జెట్లో 200 కోట్ల రూపాయలు ప్రకటించారు. వేదికమీద వున్న ముఖ్యమంత్రి మాత్రం ప్రసంగించలేదు. ఉద్యోగాలేవని అడుగుతున్న విద్యార్థిలోకం ఎదుట ఆ మౌనానికి వేరే అర్థం నాకు తోచదు.

అదే ఏడాది డిసెంబరులో హాస్టల్లో ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆవరణ అట్టుడికింది. 2018 జనవరిలో అక్కడ జరగవలసిన భారత సైన్సు కాంగ్రెసును ఆ పరిస్థితుల్లో జరపలేమన్నారు అధికారులు. చివరకది మార్చిలో ఇంఫాలులో జరిగింది. విద్యార్థులే చెడగొట్టారని వాపోయిన మేధావులున్నారు. ప్రధాని రాకకు దారులు శుభ్రం చేయగలవాళ్లు, విద్యార్థుల ప్రశ్నకు అరగంట కేటాయించలేకపోయారెందుకు?

దూరమెందుకు? ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే ఈ సరిహద్దులో ఏ సభకైనా అతిథికి ముందు నడిచేది కొమ్ముకోయ నృత్యమే. పదిగంటలకు రావలసిన అతిథి మూడుగంటలకు వచ్చిన సభ నేను చూశాను. అంతదాకా కోయ పిల్లలు కొమ్ములు తలకెత్తుకుని, డోళ్లు మెడన వేసుకుని ఎండలో నిలబడ్డారు. సభ ముగిసేసరికి చర్లవైపు ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఉపన్యాసాలన్నీ గిరిజన సంస్కృతి మీదనే! ఒక్క కోయ విద్యార్థి చేతికీ మైకు అందలేదు.

పెద్దలు వస్తేనే నిధులు వస్తాయని వాదిస్తారు కొందరు. రావచ్చు. కాని అడగవలసినవాడి నోరు కట్టి తెచ్చిన నిధి ఎవరి అవసరం తీరుస్తుంది? పోనీ, మనం మాత్రం వేరుగా వున్నామా? మన విద్యార్థి సంఘాల మహాసభల్లోనూ వేదికమీద ఇరవైమంది నాయకులు, కిందనేమో చప్పట్లు కొట్టే ప్రతినిధులు. పాలకులను విమర్శించే హక్కు మనకు దక్కాలంటే ముందు ఈ అలవాటు మనమే వదులుకోవాలి.

1969 జనవరిలో ఖమ్మం గాంధీచౌకులో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల ప్రశ్న అప్పటికే రగులుతున్నది. అక్కడ ముఖ్య అతిథి లేడు. ముఖ్యమైన ప్రశ్న వున్నది. ఆ ఉద్యమం తెలంగాణ అంతటా వ్యాపించింది.

ఉత్సవాలు వద్దనడం లేదు. ఘనంగానే చేద్దాం. కాని కార్యక్రమాన్ని వైస్‌ఛాన్సలరు గదిలో గాక హాస్టలు భోజనశాలలో కూర్చుని రాయాలి. ఖర్చుల లెక్క నోటీసుబోర్డుమీద పెట్టాలి. అతిథి ఎంతసేపు మాట్లాడతాడో అంతసేపు ప్రశ్నలు వినాలి. సభ ముగిసే వేళను మంత్రి కారు గాదు, చర్ల బస్సు నిర్ణయించాలి. ఇందుకు సమ్మతించని అతిథి రాకపోతే మనకు కలిగే నష్టమేమిటి? ఒక పూలదండ మిగులుతుంది.