పేరు కాదు, కొలత కొనండి!

ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు జేబులో ప్రతి వందా లెక్కే. ఇంట్లో దొరికిన పాత రేంజ్‌ఫైండర్ కెమెరా లెన్స్‌కి హుడ్ కావాలంటే మన చోడవరంలో షాపుకెళ్లి అడిగితే దొరికే సరుకు కాదది. కంపెనీ పేరున్నదైతే ఆన్‌లైన్ ధర చూసే నీరుగారిపోతాం. నన్నడిగితే, పేరు కొనకండి, కొలత కొనండి.

హుడ్ చేసే పని ఒక్కటే. పక్కనుంచి వచ్చే వెలుతురు లెన్స్ అద్దం మీద పడకుండా ఆపడం. లోపల మెరవని నల్లరంగున్న మామూలు లోహపు హుడ్ కూడా ఆ పని చేస్తుంది.

ఫస్టియర్‌లో పట్టుకున్న వెర్నియర్ కాలిపర్ గుర్తుందిగా? లెన్స్ ముందుభాగం థ్రెడ్ లోపలి వ్యాసం కొలవండి. దాదాపు 38.5 మి.మీ. వస్తే మీకు కావాల్సింది 39 మి.మీ. హుడ్. ‘ఎం39’ అన్న మాట చూసి పొరబడకండి, అది లెన్స్‌ని కెమెరాకి బిగించే వెనక థ్రెడ్.

రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి. పెద్ద హుడ్ దానికి అడ్డొస్తుంది. అందుకే పక్కల ఖాళీలు కోసిన హుడ్ మేలు. 50 మి.మీ. లెన్స్ హుడ్‌ని 35కి పెడితే ఫొటో మూలలు నల్లబడొచ్చు, ఆ సంగతి కిటికీలో తెలియదు. ఫిల్మ్ వేయకముందే వెనక తలుపు తీసి, షట్టర్ ‘బి’లో తెరిచి పట్టుకుని, ఫ్రేమ్ మూలల్లోంచి లెన్స్‌లోకి చూడండి. హుడ్ అంచు అడ్డొస్తే వెనక్కి పంపేయండి.

రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ అని అందరూ రాస్తారు. ఏం సాల్వ్ చేశావని ఇంటర్వ్యూలో అడిగితే, మీ దగ్గర చెప్పడానికి ఒక కొలతా, మిగిల్చిన డబ్బూ ఉంటాయి.