చలికాలపు టైరులు – మన వానకాలపు బండి



ఈ మాసము మన పుటలో పచ్చళ్లను గురించిగాని, నోములను గురించిగాని వ్రాయక, బండిచక్రమునకు తొడుగు టైరులను గురించి వ్రాయబూనితిని. ఇది మగవారి పని గదా, మనకేల యని మీలో కొందరు నవ్వవచ్చును. ఏడాది క్రిందటివరకు నేనును అట్లే యనుకొంటిని. ఆ యనుకొనుటవలన కలిగిన కీడును చెప్పిన పిమ్మట, ఈ విషయము మన వంటయింటి గడపకు ఎంత సమీపమున నున్నదో మీకే తెలియగలదు.

మా దర్శి ప్రాంతమున పికప్పు బండి లేని వీధి అరుదు. పత్తి బోరాలు, మిరపకాయల టిక్కీలు, ఎరువు బస్తాలు, పెండ్లివారి సామాను, అన్నియు దానిమీదనే. మా మరిదికి అట్టి బండి యొకటి కలదు. మిరపకాలమున గుంటూరు యార్డుకు సరుకు తోలుటయు, తక్కిన దినములలో చుట్టుపట్ల కిరాయిలకు తిరుగుటయు అతని వృత్తి. మావారు బడిపంతులగుటచే ఆయన జీతము నెలకొకసారి వచ్చును. మరిదికి బండి తిరిగిన నాడే రాబడి. ఉమ్మడి కాపురము గనుక ఇంటి పద్దుపుస్తకము నా చేతిలో నున్నది.

పోయిన సంవత్సరము ఆశ్వయుజములో అతడు వచ్చి, “వదినా, వెనుక టైరులు రెండును నున్నబడినవి. వానలు ముంచుకొని వచ్చుచున్నవి. మార్పింపవలెను” అనెను. నేను పద్దు చూచి, “పిల్లల బడి రుసుము కట్టవలసియున్నది నాయనా! మిరపపంట చేతికి వచ్చువరకు ఓపికపట్టుము” అంటిని. అతడు మారుమాటాడక వెడలిపోయెను. పొదుపు చేసితినని ఆ రాత్రి నేను సంతోషించితిని కూడ.

కార్తికమాసమున ముసురు పట్టెను. ఒకనాటి యుదయము పత్తితీతకు పోవు కూలి స్త్రీలు ఎనమండుగురు ఆ బండి వెనుక నెక్కిరి. తారురోడ్డుపై నీరు నిలిచియుండెను. మలుపులో అడ్డువచ్చిన గేదెను తప్పింపబోయి మా మరిది బ్రేకు వేయగా, వెనుక చక్రములు పట్టుతప్పి, బండి అడ్డముగా జారి ప్రక్కనున్న రేగడిచేనిలో దిగబడెను. దైవకృపచే ఎవరి ప్రాణమును పోలేదు. కాని యొకామె ముంజేయి విరిగెను. ఆమె మా వీధిలోనిదే. మూడు నెలలు కూలికి పోలేకపోయినది. పత్తికాలమంతయు, మిరపకోతల తొలిదినములును ఆమెకు దక్కలేదు. వైద్యమునకు డబ్బిచ్చితిమి, తిండిగింజలు పంపితిమి. అయినను ఆమె నేటికిని నిండుబిందెను ఆ చేత ఎత్తలేదు. నేను మిగిల్చితిననుకొన్న సొమ్మునకు ఆమె చేయి వెల యైనది.

ఈ సంగతి మా పెదతండ్రిగారి కుమార్తెతో ఫోనులో చెప్పుకొని వగచితిని. ఆ యక్కయ్య కెనడాలో మాంట్రియాలు నగరమున నుండును. అచట పికప్పు బండిని తానే నడుపుకొనును. ఆమె నన్నోదార్చి, “మా యూరిలో ఏటేట మొదటిమంచు కురియకముందే టైరుల నెన్నుకొనుట యింటింటి పని. ఆవకాయకు కారము కొన్నంత శ్రద్ధగా వానిని చూచెదము” అని, తన యనుభవమును చెప్పసాగెను.

ఆ నగరమున్న క్విబెక్ రాష్ట్రములో శీతకాలమున చలిటైరులు వేయుట 2008 నుండి చట్టము. ఇప్పుడు ఆ గడువు డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు. లోకములో తొలి చలికాలపు టైరు 1934లో ఫిన్లాండు దేశమున లారీలకొరకు చేయబడినదట. ఈ టైరుల రహస్యము రబ్బరులోనే కలదు. చలి ఇంచుమించు 7 డిగ్రీలకు దిగినచో సాధారణపు రబ్బరు, గడ్డకట్టిన నేతివలె బిగిసి, నేలను పట్టజాలదు. చలిటైరు రబ్బరు ఆ చలిలోను మెత్తగనే యుండును. దాని ముఖముపై సన్నని కోతలు వేలకొలది యుండి మంచును కరచిపట్టును. పరీక్షలో నెగ్గిన టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచుపువ్వును ముద్రింపబడియుండును. బరువుబండికి తగిన చలిటైరును వెదకి, నాలుగు చక్రములకును ఒకే జాతివి వేయింతురు. రెంటికే వేసినచో ముందుభాగ మొకతీరుగను, వెనుకభాగ మొకతీరుగను ప్రవర్తించును. వసంతము రాగానే వానిని విప్పి దాచుకొందురు. ఏలయనగా ఆ మెత్తని రబ్బరు ఎండలో త్వరగా అరిగిపోవును.

ఇది విని, మనమును చలిటైరులు తెప్పింపవలెనని యనుకొనకుడు. మన దర్శిలో మంచు కురియదు. వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. చలిటైరు మనకు పనికిరాదు. గ్రహింపవలసినది వేరు: ఏ నేలకు ఏ గండమో ఎరిగి, అది రాకముందే టైరు నెన్నుకొనుట. మన గండము వాన. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములును, తుపానులును మనలను తడుపును. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లకడ తీరము దాటిన మిచాంగ్ తుపాను మన పైరుల నెట్లు ముంచినదో మరవలేము. ఆ వానలు వెలిసిన కొలది వారములకే మిరపకోతలు, బరువు తోలకములు, వానివెంటనే మండుటెండలు. మన టైరు తడిని, బరువును, వేడిమిని మూటిని ఓర్వవలెను.

పిమ్మట మా మరిదితో టైరుల అంగడికి నేనును పోయితిని. అక్కయ్య చెప్పినవియు, అచట కన్నులార చూచినవియు వరుసగా చెప్పెదను.

మొదటిది, గాడులు. టైరు ముఖముపై గాడులుండుట అందమునకు కాదు; క్రిందపడిన నీటిని ప్రక్కలకు త్రోయుటకు. గాడులు అరిగినచో నీరు పోవు దారిలేక, టైరు నేలను విడిచి నీటి పొరపై తేలును. అప్పుడు బ్రేకు వేసినను ఫలముండదు. గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల యెత్తున చిన్న గట్లుండును. టైరు ముఖము ఆ గట్టుతో సమమైనచో దాని యాయువు తీరినట్లే. వానకాలమునకు అంతవరకు ఆగుటయు తగదు.

రెండవది, పుట్టిననాడు. టైరు ప్రక్కన డి.ఓ.టి. యను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకె లుండును. 3524 అని యున్నచో 2024వ సంవత్సరము 35వ వారమున చేయబడినదని యర్థము. మాకు మొదట చౌకగా చూపిన టైరులు తళతళ మెరయుచుండెను గాని, అంకెలు చదువగా ఆరేండ్లనాటివని తేలెను. వాడకున్నను రబ్బరు ముదురును. పప్పుదినుసులు కొనునపుడు పాతవా క్రొత్తవా యని అడుగు మనము దీనిని అడుగరాదా?

మూడవది, మోయు శక్తి. కొలతల ప్రక్కనుండు అంకె దానిని తెలుపును. 100 అనగా ఒక టైరు 800 కిలోలు మోయును. 104 అనగా 900. 106 అనగా 950. బండి బరువును సరుకును కలిసి వెనుక ఇరుసుపై 1800 కిలోలు పడునపుడు, అచటి రెండు టైరులును 104కు తగ్గినవి కారాదు. కారు టైరు అదే కొలతలో చౌకగా దొరకినను బరువుబండికి వేయరాదు.

నాలుగవది, స్థానము. నాలుగింటిని ఒక్కసారి కొనలేనివారు జతగా కొని, ఆ క్రొత్తజతను వెనుకకు వేయింపవలెను. వెనుకచక్రము జారినచో బండి గిరగిర తిరుగును. అప్పుడు దానిని మరలించుట కష్టము. మాకు జరిగినది అదియే.

ఐదవది, గాలి. బండి తలుపుకడ నంటించిన పట్టీలో ఎంత గాలి యుండవలెనో వ్రాసియుండును. ఉదయమున, బండి కదలకముందు, చల్లనిటైరులో చూడవలెను. గాలి తక్కువైన టైరు బరువునకు వంగి వంగి వేడెక్కి, వేసవిలో పగులును. స్టెప్నీలోని గాలిని చూచుటయు మరవరాదు.

ఇవన్నియు చూచి కొన్నను ఒకమాట మిగిలియున్నది. సరుకుల బండిపై కూలిజనుల నెక్కించుట చట్టవిరుద్ధము. ఎంత మంచి టైరును ఆ తప్పును మాన్పదు. మా మరిది దానిని మానుకొనెను. “అట్లయిన చేనికి మేమెట్లు పోవలెనమ్మా?” యని ఆ స్త్రీలే నన్నడిగిరి. వారి ప్రశ్న న్యాయమైనది. ఇప్పుడు ఆటోలో నిండుటకు మించకుండ పోవుచున్నారు. దాని కిరాయిలో సగము చేనివారు పెట్టుకొనుటకు ఒప్పించితిమి. అందరును ఒప్పుకొనలేదు. ఆ ప్రయత్నము సాగుచునే యున్నది.

డబ్బు సంగతి యందురా? ప్రతి కిరాయికి 100 రూపాయలు తీసి, ఉప్పుజాడీ ప్రక్కనున్న రేకుడబ్బాలో వేయుచున్నాను. దానిని పండుగలకుగాని, చీరలకుగాని ముట్టము. టైరులు అరుగునప్పటికి డబ్బా నిండును. అరుగునది తెలిసియే యున్నప్పుడు, అరిగిననాడు వెతుకులాడుట గృహిణికి తగదు.

యుద్ధభూమిలో దశరథుని రథపుచీల ఊడిపోగా, కైక తన వ్రేలిని చీలగా నుంచి రథమును నిలిపినదని పెద్దలు కథ చెప్పుదురు. ఆమె తరువాత కోరిన వరముల మాట యెట్లున్నను, ఆ క్షణమున రథము నడచినది ఆమె వ్రేలిపైననే. మన యిండ్లలోని బండ్లును అట్లే మన పద్దుపుస్తకముపై నడచుచున్నవి. మీ యింటివారు టైరులు మార్పింపవలెనని యడిగిననాడు, నావలె పద్దు చూచి వెంటనే బదులు చెప్పకుడు. లేచి వాకిటికి పోయి, ఒకమారు వంగి, ఆ గాడులలో వ్రేలు పెట్టి చూచి, ఆ పిమ్మట చెప్పుడు.