పాండిత్యం పూచీ పడదు

ఈనాక్ పవెల్ పేరెత్తగానే "ఏమన్నా అనండి, మహాపండితుడు" అనేవారు ఇంకా ఉన్నారు. కాదన్నదెవరు? పాతికేళ్ళకే సిడ్నీ విశ్వవిద్యాలయంలో గ్రీకు ఆచార్యుడైనవాడు. 1938లో హెరొడోటస్ రచనకు పదకోశం కూర్చినవాడు. యుద్ధకాలంలో సైనికాధికారిగా భారతదేశానికి వచ్చి ఉర్దూ నేర్చినవాడు. ఆ పాండిత్యాన్ని ఆయన తప్పుకు పూచీగా నిలబెట్టడం మీదనే నా అభ్యంతరం. అది తప్పును పెంచుతుందే గాని తగ్గించదు.

ముందు ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కనిద్దాం. 1959 మార్చిలో కెన్యాలోని హోలా నిర్బంధ శిబిరంలో 11 మంది ఖైదీలను కొట్టి చంపారు. అదే ఏడాది జూలై 27న కామన్స్ సభలో పవెల్, అధికారంలో ఉన్న తన కన్సర్వేటివ్ పార్టీనే నిలదీశాడు. ఆఫ్రికాలో ఒక నీతి, బ్రిటన్‌లో ఒక నీతి చెల్లదన్నాడు. చచ్చినవాడు ఎటువంటివాడన్న దాన్నిబట్టి చంపినవాడి బాధ్యత మాసిపోదన్నాడు.

తొమ్మిదేళ్ళు నిండకముందే, 1968 ఏప్రిల్ 20న, అదే మనిషి బర్మింగ్‌హామ్‌లో మాట్లాడాడు. ఇల్లు, ఉద్యోగం ఇవ్వడంలో జాతివివక్షను నిషేధించే బిల్లు మీద ఆయన ధ్వజమెత్తాడు. వర్జిల్ కావ్యంలోని నెత్తుటి నదిని తలచాడు. ఆ ప్రసంగానికి అదే పేరై నిలిచింది. మరి ఆధారం? ఎవరో రాసిన ఉత్తరం, అందులో పేరులేని ఒక వృద్ధురాలి కథ. పత్రికలవాళ్ళు వెతికితే అప్పట్లో ఆమె దొరకలేదు. రెండువేల ఏళ్ళు దాటిన గ్రంథంలో ఒక్కొక్క మాటనూ గాలించి నిగ్గు తేల్చిన పండితుడికి, తన ఊరి మనుషుల మీద వచ్చిన కథ నిజమో కాదో తేల్చుకోవాలని తోచలేదా?

మర్నాడే హీత్ ఆయన్ని షాడో క్యాబినెట్ నుంచి తొలగించాడు. 23న లండన్ రేవు కార్మికులు ఆయనకు మద్దతుగా పార్లమెంటుకు ఊరేగింపుగా వెళ్ళారు. 1960 నుంచి 1963 దాకా ఆయనే ఆరోగ్యమంత్రి. ఆ ఆసుపత్రుల్లో రోగులకు సేవ చేసినవారిలో కామన్‌వెల్త్ దేశాల నుంచి వెళ్ళిన డాక్టర్లు, నర్సులు ఎందరో ఉన్నారు. ఆ సంగతి ఆయనకు తెలియనిదా?

"నమ్మింది చెప్పి నష్టపోయాడు" అంటారు అభిమానులు. నిజమే. 1974 ఫిబ్రవరిలో యూరప్ విషయమై సొంత పార్టీని కాదని లేబర్‌కు ఓటెయ్యమన్నాడు. అక్టోబరులో ఉత్తర ఐర్లండ్‌లోని సౌత్ డౌన్ నుంచి గెలిచి 1987 దాకా సభలో కొనసాగాడు. ధైర్యానికి కొదవ లేదు. కానీ ధైర్యంగా చెప్పినంత మాత్రాన చెవిన పడ్డ మాట నిజమైపోదు.

మణి ఉన్నంత మాత్రాన పాము భయంకరం కాకపోదని మనకు భర్తృహరి ఏనాడో చెప్పాడు. మంచి వాక్యం కనబడితే మురిసిపోయే మనబోటివాళ్ళకే ఆ హెచ్చరిక ముఖ్యం. పవెల్‌కు శిక్ష వెయ్యడానికి మనం అక్కర్లేదు. 1968 నాటి పవెల్ మీద 1959 నాటి పవెలే సాక్షి. ఆ సాక్ష్యాన్ని మించిన ఖండన మరొకటి లేదు.