జంట పటములు

గత సంవత్సరము మా తరగతి విద్యార్థి యొకడు తన తాతగారి పెట్టెలోని యొక దళసరి అట్టను మాకు చూపెను. దానిపై ఇసుకతీరము, తాటిచెట్లు, సముద్రమువైపు వరండాలు గల బంగళాలు, ఒకే పటము రెండుమారులు ప్రక్కప్రక్కన అంటింపబడి యుండెను. రెండును ఒక్కటే గదా యని వాని తమ్ముడు కత్తెరతో నడుమ ఖండించి, అన్నకొకటి తనకొకటి పంచియుండెను!

నిజమునకు అవి రెండును ఒక్కటి కావు. మన కన్నుల నడుమ సుమారు రెండున్నర అంగుళముల యెడమున్నందున, ఒక్కొక్క కన్ను వస్తువును కొంచెము భిన్నముగా చూచును. ఈ సంగతిని 1838లో వీట్‌స్టన్ పండితుడు వివరించెను. 1849లో బ్రూస్టరు కటకములు గల స్టీరియోస్కోపు పెట్టెను రూపొందించెను. అందు జంట పటములు ఏకమై, దగ్గరివి దగ్గరగను, దూరపువి దూరముగను తోచును. మేము ముక్కలను జతపఱచి, రెండు కటకములనుండి చూపితిమి. కృష్ణను తప్ప సముద్రము నెఱుగని మా గద్వాల పిల్లలు, అల మీదికి వచ్చుచున్నదని వెనుకకు జరిగిరి.

కాని అది వాల్తేరో, భీమునిపట్టణమో, చెన్నపట్టణపు శాంథోమో ఎవరును చెప్పజాలరైరి. అట్టవెనుక ఒక్క యక్షరమును లేదు. ఎఱిగిన తాతగారు అంతకు ముందేడే గతించిరి.

పాత పటములను కూర్చుట మంచి వ్యాసంగమే. అయినను పేరులేని పటము వేడుకకే గాని చరిత్రకు పనికిరాదని మా యభిప్రాయము. నాటి నైజాము రాజ్యమందలి అజంతా చిత్రములకు, రాబర్టు గిల్లు అను సైనికోద్యోగి 1844 మొదలు ఏండ్ల తరబడి ప్రతులు వ్రాసెను. వానిలో పెక్కు 1866లో లండను క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. అతడు తీసిన నూఱు జంట ఛాయాపటములు మాత్రము ఫెర్గుసన్ పండితుని వివరణలతో 1864లోనే గ్రంథముగా వెలువడినందున, ఏది యెచ్చటిదో నేటికిని తెలియుచున్నది.

మనకును ఇట్టి యవసరము కలదు. శ్రీశైల జలాశయమున మునుగకుండ కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఊడదీసి అలంపురమున మరల నిలిపిరి. పల్లెల నట్లు తరలింప వీలులేకపోయెను. వాని పటములు వనపర్తి, నాగర్‌కర్నూలు ఇండ్లలో ఏ పెట్టె యడుగుననో ఉండవచ్చును. వానిని గుర్తింపగల వృద్ధులు నేడింకను మనయొద్ద నున్నారు.

వెనుక వ్రాసినచో పటము వెల తగ్గునని కొందఱందురు. మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాసిన హాని లేదు. తలిదండ్రులారా, ఈ సెలవులలో పెట్టెలు తెఱచి, పెద్దలనడిగి, ఊరు, సంవత్సరము, మనుష్యుల పేర్లు పిల్లలచేతనే వ్రాయింపుడు. కత్తెరను మాత్రము దూరముగా నుంచుడు.