పొరుగువాడెవడు?

2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి దేశప్రజల నుద్దేశించి మాటలాడిరి. కోవిడు మహమ్మారి కారణమున నాటి నడిరేయి మొదలు ఇరువది యొక్క దినములు ఎవ్వరును గడప దాటరాదని శాసనమైనది. చేతిలో పైకము గలవాడు మిగిలిన నాలుగు గంటలలో బియ్యము, పప్పు, మందులు ఇంటికి జేర్చుకొనెను. నాటి కూలితో నాటి గంజి కాచుకొనువాడు ఏమి చేర్చుకొనగలడు? ఆ దిగ్బంధము మాటిమాటికి పొడిగింపబడి మే నెలాఖరు వరకు సాగినది.

ఆ దినములలో మన గుమ్మమునకు ముందుగా వచ్చినవారు పొరుగువారు. ఎదురింటి కుఱ్ఱవాడు వృద్ధదంపతుల మందుచీటి పుచ్చుకొని, మధుమేహపు మాత్రలు తెచ్చి వాకిట నుంచి, నాలుగడుగులు వెనుకకు జరిగి కేక వేసెడివాడు. బిడ్డలు అమెరికాలోను, తాము గుంటూరిలోను ఉండిపోయిన తల్లిదండ్రులకు ఆ కేకయే ధైర్యము. పెరటి మునగకాడలు గోడమీదుగా చేతులు మారినవి. వ్యాధి సోకిన యింటి ముంగిట అన్నపు క్యారేజి పెట్టి వచ్చిన యిల్లాండ్ర పేర్లు ఏ చిట్టాలోను లేవు.

ఆనాడు అందఱి నోట నానిన మాట “సామాజిక దూరము”. అది మాకు రుచింపలేదు. దూరముగా నుండవలసినవి దేహములు గాని సమాజము గాదు. ప్రపంచారోగ్య సంస్థయు ఆ నెలలోనే “భౌతిక దూర” మనుట మేలని చెప్పినది. వాడలను ఊరికి వెలిగా నుంచి, దోసిటిలో నీళ్లు పైనుండి పోసిన తరముల వారసులకు సమాజదూరము క్రొత్తగా నేర్పవలెనా? ఆ పాత యలవాటు తల యెత్తినచోట, రోగులను కాపాడు నర్సులను ఇల్లు ఖాళీ చేయుమనిన యజమానులు బయలుదేరిరి. ఏప్రిలులో చెన్నపట్టణమున కోవిడుతో మృతిచెందిన వైద్యుని ఖననము చేయబోగా గుంపు రాళ్లు రువ్వినది. వైద్యసిబ్బందిని తీవ్రముగా గాయపఱచువారికి ఏడేండ్ల వరకు శిక్ష విధించుచు, 1897 నాటి అంటువ్యాధుల చట్టమును ఏప్రిలు 22న ఆర్డినెన్సుతో సవరింపవలసి వచ్చినది. పొరుగు మర్యాదను పోలీసులు కాపాడవలసి వచ్చుట మనకు గౌరవమా?

ఇంతకును పొరుగువాడెవడు? మన మేడ కట్టిన ఒడిషా కూలి, జార్ఖండు కూలి ఆ మేడ ప్రక్కనే రేకుల పాకలో నుండెను. వాని పేరు మనలో నెందఱికి దెలియును? వలస కార్మికులకై తొలి ప్రత్యేక రైలు మే 1వ తేదీన లింగంపల్లినుండి హటియాకు కదలినది. అప్పటికి ఐదు వారములు దాటినవి. ఈలోపల ఎందఱో కాలినడకన బయలుదేరిరి. మేడ్చల్ మీదుగా నాగపూరు పోవు రహదారి ప్రక్కన నిలిచి వారికి అన్నము, నీళ్లు అందించినవారు ధన్యులు. కాని మన వీధిలోనే యున్నవాడు మన కంటబడుటకు బాటసారి కావలసి వచ్చెను గదా!

ఒంటరి వృద్ధులెవరు, గర్భిణులెవరు, ఎవరికే మందు కావలెనని ఆనాడు వాడవాడల యువకులు వ్రాసికొన్న జాబితాలు నేడు ఏ పెట్టె యడుగున నున్నవో. వానిని వెదకి తీసి, అద్దె గదులవారి పేర్లను, రేకుల పాకలవారి పేర్లను గూడ వానిలో నెక్కింపవలెను. ఆ పనికి మన గ్రంథాలయమున ఒక బల్ల, రెండు సాయంత్రములు చాలును.